నల్లరేకు పెట్టెలు

ఎండతో నీళ్లు కాచే పెట్టెలు బుల్లబ్బాయి బిగిస్తే పదేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేదని రాజమండ్రిలో పేరుండేది. ధవళేశ్వరంలో కాలవగట్టు పక్కన ఇల్లు. చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. పైపుల పని మేనమామ దగ్గర నేర్చుకున్నాడు గానీ, సోలారు పని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. చూసి పట్టుకున్నాడు.

ఆ చూడటం తొంభై నాలుగులో. వాళ్లమ్మ ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసేది. బాలింతల స్నానాలకీ, గుడ్డలు ఉడకెయ్యడానికీ రోజంతా వేణ్నీళ్లు కావాలి. వెనక రేకుల షెడ్డులో ఊకపొయ్యి ఉండేది. దాని ముందు కూర్చునీ కూర్చునీ ఆవిడ కళ్లు ఎప్పుడూ చింతనిప్పుల్లా ఉండేవి. దగ్గితే కళ్లెలో నల్లటి నుసి పడేది. ఆ ఏడాది డాక్టరమ్మగారు మద్రాసు నుంచి సోలారు పెట్టెలు తెప్పించారు. వాటితో వచ్చిన మెకానిక్కుకి సాయంగా బుల్లబ్బాయిని పెట్టారు.

పెట్టె మీద అద్దం, లోపల రాగిరేకు, రేకుకి అతికించిన రాగి గొట్టాలు, వాటి మీద నల్లరంగు. పెట్టెల కన్నా ఎత్తులో ఒక తొట్టి. ఎండకి గొట్టాల్లో నీళ్లు వేడెక్కి, తేలికై, వాటంతటవే పైనున్న తొట్టిలోకి పోతాయి. తొట్టి అడుగున ఉన్న చల్లనీళ్లు దిగి ఆ ఖాళీలోకి వస్తాయి. మోటారు లేదు, కరెంటు లేదు, చిన్న చప్పుడైనా లేదు. సాయంత్రం నాలుగింటికి మెకానిక్కు కుళాయి తిప్పితే బుల్లబ్బాయి చెయ్యి చురుక్కుమంది.

"ఇది ఒట్టి ఎండేనాండీ?" అని మూడుసార్లు అడిగాడు.

వారం తిరిగేసరికి ఊకపొయ్యి ఆర్పేశారు. ఆ మధ్యాహ్నం వాళ్లమ్మ ఏం చెయ్యాలో తోచక షెడ్డు బయట బల్ల మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండిపోయింది.

తర్వాత పదేళ్లు బుల్లబ్బాయి అదే పనిలో ఉన్నాడు. లాడ్జీలు, కాలేజీ హాస్టళ్లు, ఆసుపత్రులు. పెట్టె ముఖం దక్షిణానికి ఉండాలంటాడు. వాలు తగ్గితే ఒప్పుకోడు. పక్కింటి కొబ్బరిమట్ట నీడ పెట్టె మీద పడుతోందని ఇంటాయనతో దెబ్బలాడి, మొత్తం పని విప్పి ఇంకో మూలకి మార్చిన రోజులున్నాయి. వీడికి కాస్త పొగరని కొందరు అనుకునేవారు. ఆ మాట విన్నప్పుడు లోలోపల అతనికి సంతోషంగానే ఉండేది.

ఉదయభాస్కర్ అని ఒక బిల్డరు. కొత్త పేటల్లో అపార్టుమెంట్లు కట్టేవాడు. వాటిల్లో పైపుల పనంతా బుల్లబ్బాయిదే. రెండువేల నాలుగు చివర్లో ఆయన పదహారు ఫ్లాట్లతో భాస్కర నిలయం కట్టాడు. 'ఎండతో వేణ్నీళ్లు, వాననీటి గుంట, కరెంటు ఆదా చేసే ఇల్లు' అని కరపత్రాలు వేయించాడు. ఇంటి ముందువైపు పడమర. రాజమండ్రిలో పడమటి ఎండ అంటే ఏంటో తెలిసిన మనిషి ఎవడైనా అటు గోడ మందంగా కట్టి, చిన్న కిటికీలు పెట్టి, పైన పొడుగాటి సన్‌షేడ్ వేస్తాడు. ఆయన నిలువునా నీలం అద్దాలు బిగించాడు. అద్దం ఉంటే ఫొటోలో బాగుంటుందట. సాయంత్రమయ్యేసరికి లోపల గదులు మూతపెట్టిన గిన్నెల్లా ఉడికేవి. ప్రతి ఇంటికీ ఏసీ తప్పదు. వాననీటి గుంట అని సిమెంటు మూత ఒకటి పెట్టాడు. బుల్లబ్బాయి ఓసారి గునపంతో ఎత్తి చూస్తే కింద గుంట లేదు, మట్టే.

చూసి మూత దించేశాడు. అది తన పని కాదు కదా అనుకున్నాడు.

తన పని డాబా మీదికి వచ్చింది. మెట్ల దగ్గర నాలుగు పెట్టెలు ఆనించి ఉన్నాయి. రాగి ఉన్న పెట్టె ఎత్తాలంటే ఇద్దరు మనుషులు కావాలి. బుల్లబ్బాయి ఒక కొస పట్టుకుని, రెండో మనిషి కోసం చూస్తూ ఊరికే లాగాడు. పెట్టె ఒక్కడి చేతికే లేచి వచ్చేసింది. తిప్పి చూశాడు. అద్దం వెనక నల్లరంగు కొట్టిన ఇనపరేకు. గొట్టమన్నదే లేదు.

"ఏంటండీ ఇవి?"

"పెట్టెలు," అన్నాడు ఉదయభాస్కర్. "తొట్టిలో కరెంటు రాడ్డు పెట్టించానులే. లిఫ్టు గదిలోంచి వైరు లాగించాను. కుళాయి తిప్పితే వేణ్నీళ్లు రావాలి. వాళ్లకి కావాల్సింది అదేగా?"

"మరి కరెంటు ఎవరి మీటరుకండీ?"

"కామన్ మీటరుకి. అందరిదీ కాబట్టి ఎవడూ చూడడు." ఆయన నవ్వాడు. "అవతల ఇంకో రెండు అపార్టుమెంట్ల పని ఉంది బుల్లబ్బాయ్. నీ చేతికే ఇద్దామనుకుంటున్నాను."

బుల్లబ్బాయి పెట్టె కింద పెట్టేశాడు. అయినా బిగించాడు. నేను కాకపోతే ఇంకోడు బిగిస్తాడనుకుంటూ, దక్షిణం ముఖంగా, వాలు సరిచూసి మరీ బిగించాడు. అలవాటైన చేతులు ఆ ఉత్తుత్తి పెట్టెలకి కూడా వాలు చూస్తుంటే తన చేతుల మీద తనకే రోత పుట్టింది. మధ్యాహ్నం క్యారేజీ విప్పాడు. వేళ్లకి నల్లరంగు వాసన. కిరసనాయిలుతో కడిగాడు, సబ్బుతో కడిగాడు. పోలేదు. అన్నం కుక్కకి పెట్టేశాడు.

తర్వాత సర్టిఫికెట్టు ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒక కన్సల్టెంటు వచ్చాడు. పెట్టెల పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు. కుళాయి కింద వేలు పెట్టి "వెరీ గుడ్" అన్నాడు. గేటు దగ్గర 'ఇంధన పొదుపు గృహం' అని ఇత్తడి అక్షరాల పలక లేచింది. పధ్నాలుగు ఫ్లాట్లు మూడు నెలల్లో అమ్ముడైపోయాయి.

ఆ అపార్టుమెంటుకి వాచ్‌మన్ సత్తియ్య. నిడదవోలు అవతల పల్లెటూరు వాళ్లది. అరవై దగ్గర పడిన మనిషి. భార్య నాగదుర్గ ఫ్లాట్లవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేది, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో. ఇద్దరూ సెల్లారులో మెట్ల కింద గదిలో ఉండేవారు. గది అంటే మూడువైపులా గోడ, నాలుగోవైపు గోనెపట్టా. ఒక బల్బు, ఒక టేబులు ఫ్యాను. బుల్లబ్బాయి ఎప్పుడు పనికొచ్చినా నాగదుర్గ టీ ఇచ్చేది. ఆయన్ని బాబాయ్ అనీ ఆవిడని పిన్నీ అనీ పిలిచేవాడు.

ఏప్రిల్లో కామన్ మీటరు బిల్లు ఊహించినదానికి మూడింతలు వచ్చింది. అసోసియేషన్ సెక్రటరీ చంద్రరావు గారు బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరైనాయన. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాలు, అన్నీ లెక్క వేశారు. వేణ్నీళ్లు మాత్రం లెక్కలోకి రాలేదు. అవి ఎండవి కదా. చివరికి మిగిలింది మెట్ల కింద గది. ఆ రోజు ఎవరింట్లోనో కుళాయి కారుతోందని బుల్లబ్బాయి వచ్చాడు. సెల్లారులో ఏడెనిమిది మంది గుమిగూడి ఉన్నారు.

"కరెంటు ఇస్త్రీపెట్టె ఎక్కడ దాచావో చెప్పు," అంటున్నారు చంద్రరావు గారు.

"నాకెక్కడిదండి బాబూ! ఇదిగోనండి, బొగ్గులదే," నాగదుర్గ పెట్టె మూత తీసి బూడిద చూపిస్తోంది.

వినలేదు. గోనెపట్టా పక్కకి లాగి లోపల దూరారు. బియ్యం డబ్బా బోర్లించారు. ట్రంకుపెట్టె తెరిచి ఆవిడ చీరలు, లంగాలు ఒక్కొక్కటే తీసి కింద పడేశారు. ఏసీ గదుల్లోంచి దిగివచ్చిన మనుషులు ఆవిడ పాత జాకెట్లు కర్రతో కదిపి చూస్తుంటే సత్తియ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఏమీ దొరకలేదు. దొరకనందుకు కోపం ఇంకా పెరిగింది.

"ఫ్యాను ఇరవైనాలుగ్గంటలూ తిప్పుతున్నారన్నమాట. ఏమోయ్ బుల్లబ్బాయ్, కటింగ్ ప్లేరు ఉందా? ఆ వైరు కోసెయ్."

బుల్లబ్బాయి చేతిలోనే ఉంది ప్లేరు. ఆ నిమిషంలో నోరు తెరిస్తే అంతా తెలిసిపోయేది. పెట్టెలు నేనే బిగించానని చెప్పాలి. అది మానేసి ముందుకెళ్లి వైరు పట్టుకుని పుటుక్కున కోశాడు. ఫ్యాను రెక్కలు నాలుగైదు చుట్లు తిరిగి ఆగాయి. నాగదుర్గ అతని మొహంలోకి చూసింది. "నువ్వేం చేస్తావులే నాయనా, చెప్పిన పని చేశావు," అంది.

ఆ మాట అతనికి చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

సాయంత్రం ఇంటికెళ్లి భార్య లోవలక్ష్మికి జరిగింది చెప్పాడు. పెట్టెల సంగతి, రాడ్డు సంగతి కూడా అప్పుడే మొదటిసారి చెప్పాడు. ఆవిడ చేపలు తోముతోంది. చెయ్యి ఆగిపోయింది.

"నువ్వు బిగించిన దాని పాపానికి, ఆ ముసలాళ్ల ఫ్యాను నువ్వే కోశావా?"

"అందరూ ఉన్నారే అక్కడ..."

"ఛీ," అంది లోవలక్ష్మి. కంచం పెట్టింది గానీ ఎదురుగా కూర్చోలేదు.

మర్నాడే ఉదయభాస్కర్ దగ్గరికెళ్లాడు. "ఎండాకాలం వేణ్నీళ్లు ఎవరిక్కావాలండీ, మామూలు కుళాయే కాలిపోతోంది. ఆ రాడ్డు ఆపించెయ్యండి. లిఫ్టు గది తాళం నాకివ్వండి, నేనే ఆపేస్తాను," అన్నాడు.

"ఇంకా రెండు ఫ్లాట్లు అమ్మాలి. చూడ్డానికొచ్చినవాడు ముందు తిప్పేది ఆ కుళాయే. పొద్దున్న ఏడింటికొచ్చినా పొగలు రావాలి."

"అక్కడ వాచ్‌మన్ ఫ్యాను కోసేశారండి."

"పోనీ నువ్వొక విసనకర్ర కొనివ్వు," అని ఆయన ఫోనెత్తుకున్నాడు. టేబులు మీద గాజుపలక కింద ఆ కన్సల్టెంటుతో దిగిన ఫొటో ఉంది. వెనక నాలుగు పెట్టెలూ నిగనిగలాడుతున్నాయి.

మే నెల వచ్చింది. బుల్లబ్బాయి ఆ వీధిలోకి వెళ్లకుండా తప్పించుకు తిరిగాడు. కానీ చంద్రరావు గారే కబురు పెట్టారు, పై తొట్టి దగ్గర నీళ్లు కారుతున్నాయని. మిట్టమధ్యాహ్నం. సెల్లారులో అడుగుపెట్టగానే నీలం అద్దాల మీంచి కొట్టిన వేడి, ఏసీల వెనకనుంచి వచ్చే వేడి, అన్నీ కలిసి మొహాన కొట్టాయి. మెట్ల కింద నాగదుర్గ తడిగుడ్డ గుండెల మీద వేసుకుని పడుకుని ఉంది. మెడ నిండా చెమటకాయలు చితికి, పుళ్లుపడి, చీము కారుతున్నాయి. ఈగలు. సత్తియ్య అట్టముక్కతో విసురుతున్నాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్లలేదా బాబాయ్?"

"మందిచ్చారు. గాలి తగిలే చోట ఉంచమన్నారు." అట్టముక్క ఆపకుండానే అన్నాడు సత్తియ్య. "ఎక్కడుంచను?"

పైన డాబా మీద తొట్టి పక్కన ఒక సన్నటి పైపుంది, వేడెక్కువైతే ఆవిరి పోవడానికి. దాంట్లోంచి మరుగునీళ్లు బుసబుసా పొంగి గచ్చు మీద పారుతున్నాయి. ఆ ఎండలో, ఎవరికీ అక్కర్లేని నీళ్లు, కరెంటుతో కాగి, మురుక్కాలవలోకి పోతున్నాయి. బుల్లబ్బాయి గోడ పట్టుకుని ఒంగుని వాంతి చేసుకున్నాడు. పొద్దున్న తాగిన టీ అంతా వచ్చేసింది.

నోరు కడుక్కుని కిందికి దిగి, నేరుగా చంద్రరావు గారి తలుపు కొట్టాడు.

"అందర్నీ డాబా మీదికి పిలవండి సార్. ఒకటి చూపించాలి."

ఆదివారం కాబట్టి దాదాపు అందరూ ఉన్నారు. ఎండలోకి విసుక్కుంటూ వచ్చారు. బుల్లబ్బాయి ఒక పెట్టె మరలు విప్పి, అద్దం ఎత్తి పక్కన పెట్టి, నల్లరేకు ఊడబెరికాడు. రేకు వెనక సిమెంటు గచ్చు కనిపించింది. "ఇందులో గొట్టాల్లేవండి. నీళ్లే లేవు. తొట్టిలో రాడ్డుంది. అదే మీ బిల్లు. బిగించింది నేనే. తెలిసే బిగించాను. సత్తియ్య బాబాయ్ ఫ్యానుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు."

చంద్రరావు గారు ఒంగి ఆ డొల్లలోకి చూశారు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. బిల్డర్ని ఈడ్చుకు రావాలని ఒకరు, కేసు వెయ్యాలని ఒకరు. బుల్లబ్బాయికి ప్రాణం లేచొచ్చింది. పావుగంట గడిచేసరికి గొంతులు తగ్గాయి. కేసంటే పేపర్లో పడుతుంది అన్నారొకరు. పడితే రేపు ఫ్లాటు అమ్ముకోవాలంటే ఎవరు కొంటారు? గేటు దగ్గర పలక చూసే కదా మా అద్దెవాళ్లు వచ్చారు అన్నారు ఇంకొకరు. చంద్రరావు గారు గొంతు సవరించుకున్నారు.

"రాడ్డు ఆపేద్దాం. ఎవరి గీజరు వాళ్లు పెట్టుకుందాం. పెట్టెల వల్ల మనకి నష్టం లేదు, ఉంటే ఉంటాయి. పలకా ఉంటుంది. ఈ మాట ఈ డాబా దాటకూడదు."

అందరూ తలలూపారు. మూడో అంతస్తులో ఉండే ఉమాశ్రీ అనే టీచరమ్మ మాత్రం, "మరి సత్తియ్య ఫ్యానో?" అంది.

"చూద్దామండీ. ముందు వచ్చే నెల బిల్లు తగ్గనివ్వండి," అన్నారు చంద్రరావు గారు. టీచరమ్మ ఇంకేదో అనబోయి, చుట్టూ చూసి, కొంగు నెత్తిన వేసుకుని మెట్లు దిగిపోయింది.

బుల్లబ్బాయి వాళ్లని చూస్తూ నిలబడ్డాడు. కాసేపటి క్రితం దొంగ దొరికాడని ఊగిపోయిన మనుషులు. ఇప్పుడు ఆ దొంగసొమ్ములో తమ వాటా ఎంతో తెలిసొచ్చి నెమ్మదించారు. ఉదయభాస్కర్ మీద కలిగినంత ఏవగింపే వీళ్ల మీదా కలిగింది. ఆయన కనీసం నవ్వుతూ మోసం చేశాడు. వీళ్లు తలలూపుతూ, మర్యాదగా, గారూ అండీ అనుకుంటూ చేస్తున్నారు.

లిఫ్టు గది తాళం పగలగొట్టి రాడ్డు వైరు కోసేశాడు. తర్వాత నాలుగు పెట్టెలూ విప్పి, మిగతా మూడింటి రేకులు కూడా ఊడబెరికి, ఒక్కొక్కటే భుజాన వేసుకుని నాలుగంతస్తులూ దింపాడు. గేటు దగ్గర ఇత్తడి పలక కింద వరసగా నిలబెట్టాడు, నల్లరేకులు ఊడి ఖాళీ డొల్లలు వీధిలోకి కనబడేలా. చంద్రరావు గారు పోలీసుల్ని పిలుస్తానని కేకలేశారు. "పిలవండి. వాళ్లకీ చూపిస్తాను," అన్నాడు. ఆయన పిలవలేదు.

కోసిన ఫ్యాను వైరు కలపడానికి మెట్ల కిందికి వెళ్లాడు. జేబులోంచి టేపు తీశాడు. సత్తియ్య అడ్డంగా నిలబడ్డాడు.

"పైన నువ్వన్నదంతా మెట్ల మీద నిలబడి విన్నాను. నెలరోజుల కిందట వైరు కోసినప్పుడే నీకు తెలుసు కదా?"

"తెలుసు బాబాయ్."

"ఆ రోజు దాని లంగాలు వీళ్లు నడిరోడ్డు మీద గుడ్డల్లా తిరగేస్తుంటే, నీకు తెలుసు."

బుల్లబ్బాయి ఫ్యాను వైరు వైపు చెయ్యి చాపాడు.

"నీ చెయ్యి తగిలిన గాలి మాకక్కర్లేదు. వెళ్లు."

మర్నాడు పొద్దున్న సత్తియ్య, నాగదుర్గ ట్రంకుపెట్టె, ఇస్త్రీపెట్టె తీసుకుని పాసింజరెక్కి వాళ్ల ఊరెళ్లిపోయారని ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవడానికి వెళ్లిన ఉమాశ్రీ తర్వాత అతనికి చెప్పింది. బట్టలన్నీ మడతపెట్టి, ఎవరివి వాళ్లకి గుర్తుగా చీటీలు పెట్టి మెట్ల మీద ఉంచి వెళ్లిందట నాగదుర్గ. ఒక్క రుమాలు తగ్గలేదట.

వారంలోపే పెట్టెలు మళ్లీ డాబా ఎక్కాయి. ఇంకో ప్లంబరు దొరికాడు. ఉదయభాస్కర్ పది మంది బిల్డర్లకి ఫోన్ చేసి, బుల్లబ్బాయి తాళాలు పగలగొట్టే మనిషని చెప్పాడు. రాజమండ్రిలో కొత్త ఇళ్ల పని అతనికి ఆగిపోయింది. వంతెన దాటి కొవ్వూరు, నిడదవోలు వైపు పాత సోలారు పెట్టెల రిపేర్లకి తిరగడం మొదలుపెట్టాడు. పని తక్కువ, సైకిలు తొక్కుడు ఎక్కువ. లోవలక్ష్మి మళ్లీ ఎదురుగా కూర్చుని వడ్డించడానికి చాలా రోజులు పట్టింది. ఎందుకు మొదలుపెట్టిందో ఆవిడ చెప్పలేదు, అతనూ అడగలేదు.

ఇప్పుడు ఎక్కడ పెట్టె బిగించినా అద్దం మూసే ముందు ఇంటివాళ్లని పిలిచి గొట్టాలు చూపిస్తాడు. పోయిన నెల కొవ్వూరులో ఒక లాడ్జీ ఓనరు, "నమ్ముతున్నామయ్యా, మూసెయ్, ఎండగా ఉంది," అన్నాడు.

"నమ్మొద్దండి," అన్నాడు బుల్లబ్బాయి. "చెయ్యి పెట్టి చూడండి."

నాగదుర్గ పుళ్లు మానాయో లేదో అతనికి తెలియదు. రెండేళ్ల తర్వాత నిడదవోలు ప్లాట్‌ఫారం మీద సత్తియ్య ఒక్కడే కనిపించాడు, గోనెసంచి మీద కూర్చుని. బుల్లబ్బాయి నాలుగడుగులు అటు వేశాడు. ముసలాయన తలెత్తి చూసి, గుర్తుపట్టి, పట్టాలవైపు తిరిగి ఉమ్మేశాడు. పిన్ని ఎలా ఉందని అడుగుదామనుకున్నవాడు అక్కడే ఆగిపోయాడు. బండొచ్చింది. ఇద్దరూ చెరో పెట్టె ఎక్కారు.